పక్కింటి సంగతి

సారంగపాణి దోమ వేషం కట్టుకొని అద్దం ముందు నిలబడి ఉన్నప్పుడు, తలుపు కొట్టకుండా లోపలికి వచ్చింది భారతి.

దోమ అంటే మామూలు దోమ కాదు. వెదురు బద్దలకు పల్చటి గుడ్డ అంటించి చేసిన రెక్కలు, ముక్కుకు దారంతో కట్టిన అట్ట గొట్టం, చొక్కా మీద నల్ల చారలు. వర్ధన్నపేట సమితి ఆఫీసు వెనక గదిలో అతను "జుయ్య్..." అంటూ రెక్కలాడిస్తుంటే గుమ్మంలో ఒక తెల్లచీర, ఒక గొడుగు, భుజాన మందుల సంచి కనిపించాయి.

"ఎవరు కావాలె?" అంది దోమ.

"సోషల్ ఎడ్యుకేషన్ ఆర్గనైజర్ సారంగపాణి గారు. ఈ రూముల ఉంటరని బీడీవో సార్ చెప్పిండు. ఈడ చూస్తే దోమ ఉన్నది."

"నేనే..." అనేసరికి ముక్కు ఊడి ఆమె కాళ్ళ దగ్గర పడింది. ఆమె వంగి తీసి, దుమ్ము దులిపి చేతికిచ్చింది. నవ్వలేదు. అప్పుడే నవ్వేసి ఉంటే బాగుండేదని అతనికి చాలా రోజులు అనిపించింది.

"నేను కొత్త హెల్త్ విజిటర్ను. భారతి. మనిద్దరం ఎర్రకుంటపల్లి పోవాలెనట. ఊరోళ్ళకు ఏం కావాలెనో అడిగి, తర్వాత ప్రోగ్రాం తయారు చేయాలెనట."

"ప్రోగ్రాం ఎప్పుడో తయారైంది. 'దోమాసుర సంహారం'. మలేరియా మీద డ్రామా. రాసింది నేనే, దోమను నేనే. వరంగల్ నుంచి హార్మోనియం మాట్లాడిన, పెట్రోమాక్స్ లైట్లు మాట్లాడిన."

"ఆ ఊర్ల మలేరియా ఉన్నదా?"

"ఉండదా?"

"అడిగిన్రా?"

సారంగపాణి అడగలేదు. దోమ లేని ఊరుంటుందా అని వాదించాడు. ఆమె సంచి సర్దుకుంటూ, "ముందు మందు రాసి, తర్వాత నాడి పట్టుకుంటరన్నట్టు" అని గొడుగు విప్పి వానలోకి వెళ్ళిపోయింది.

అతనికి కోపం వచ్చింది. కోపంతో పాటు ఇంకేదో కూడా వచ్చింది. దానికి పేరు పెట్టే ధైర్యం అతనికి చాలలేదు. అసలు సారంగపాణికి దేనికీ ధైర్యం చాలదు. ఉరుమంటే భయం, పారే నీళ్ళంటే భయం, వరంగల్ బజారులో ఇత్తడి దుకాణం గద్దె మీద కూర్చునే తండ్రి రామలింగం గారు దగ్గితే భయం. ముఖానికి ఏదో ఒక వేషం ఉంటేనే గొంతు పెగిలే మనిషి. అందుకే నాటకాల్లో పడ్డాడు.

అది పందొమ్మిది వందల అరవై మూడో సంవత్సరం, ఆషాఢం.

* * *

ఎర్రకుంటపల్లి వాగు అవతల ఉంది. మోకాలి లోతు నీళ్ళలో భారతి చకచకా దాటేసింది. సారంగపాణి మధ్యలో ఆగి కళ్ళు మూసుకున్నాడు.

"ఏమైంది సార్?"

"ఏం లేదు. నీళ్ళు మంచిగున్నయని చూస్తాన్న."

"కండ్లు మూసుకొనా?"

ఊళ్ళోకి వెళ్ళగానే పని తనే మొదలుపెట్టాడు, ఆమెకు తన తెలివి చూపించాలి కదా. మొదటి ఇల్లు బక్కమ్మది. ఆమె వాకిలి ఊడుస్తోంది. అతను గొంతు సవరించుకుని, ఆఫీసులో నేర్పినట్టే అడిగాడు.

"అవ్వా, మీ ఇంట్ల ఎవరికేం రోగం ఉన్నది?"

బక్కమ్మ చీపురు ఆగిపోయింది. ముఖంలో రక్తం లేదు. మరుక్షణం ఆ చీపురు పైకి లేచింది.

"పొద్దుపొద్దుగాల ఇంటి ముంగట నిలబడి రోగం పేరెత్తుతావు! నీ నోట్ల మన్నువడ! మా ఇంట్ల ఏం లేదు. మంచిగున్నం. పో!"

సారంగపాణి పరుగెత్తిన తీరు చూసి పక్కింటి కోళ్ళు కూడా దారి ఇచ్చాయి. తర్వాతి ఇంట్లోనూ అదే మాట. ఆ తర్వాతి ఇంట్లోనూ అదే. "మా ఇంట్ల ఏం లేదు. మంచిగున్నం." కొందరు చీపుర్లు ఎత్తలేదు గానీ తలుపులు వేసుకున్నారు. తలుపు సందుల్లోంచి చూసే ఆడవాళ్ళ కళ్ళల్లో బెదురు స్పష్టంగా కనిపిస్తోంది.

"రోగం లేని ఊరు," అన్నాడు సారంగపాణి బడి అరుగు మీద కూలబడి. "ఇగ డ్రామా వేసుకోవచ్చు."

భారతి తల ఊపలేదు. "మంచిగున్న ఊర్ల ఇంత భయం ఎందుకుంటది సార్? ఆ బక్కవ్వ కోపం చేయలే. భయపడ్డది."

వాన మొదలైంది. చూరు నీళ్ళు ఇద్దరి మధ్యా పడుతుంటే ఆమె కొంచెం ఇటు జరిగింది. సారంగపాణి ఊపిరి తీసుకోవడం కూడా మరిచాడు.

"మాది హన్మకొండల కిరాణం దుకాణం," అంది భారతి. "చిన్నప్పుడు గల్ల దగ్గర కూసునేదాన్ని. బాలింతకు శొంఠి, పొట్టనొప్పికి వాము, గజ్జికి గంధకం. ఏది కొన్నా ఎవ్వరూ మా ఇంట్లకు అననే అనరు. 'పక్కింటోళ్ళు తెమ్మన్నరు' అంటరు. ఇంటి రోగం నోటితోని చెప్తే ఇంకింత పెరుగుతదని భయం. మా నాయిన ఏనాడూ ఎవర్నీ మీ ఇంట్ల ఎట్లున్నదని అడగలే. మీ పక్కింట్ల ఎట్లున్నరని అడిగేది."

"మా ఇత్తడి దుకాణంల కూడా అంతే. పగిలిన బిందె ఎవ్వరిదీ కాదు, పక్కింటోళ్ళదే," అన్నాడు సారంగపాణి ఆశ్చర్యంగా. ఇద్దరూ ఒకేసారి నవ్వారు. ఆమె ముందు ఆపేసింది.

మధ్యాహ్నం మళ్ళీ బయలుదేరారు. ఈసారి భారతి అడిగింది. "అక్కా, మీరు మంచిగనే ఉన్నరు. మీ పక్కింట్ల ఎట్లున్నరు?"

అంతే, గట్టు తెగినట్టు మాటలు వచ్చాయి. పక్కింటి పిల్లగాడికి చూపు తగ్గింది, పక్కింటి ముసలాయనకు దగ్గు, పక్కింటి పిల్లలకు గజ్జి. కానీ ఎవరు మొదలుపెట్టినా చివరికి గొంతు తగ్గించి ఒకే చోటికి వచ్చారు. నాట్లకు ముందుండి పాట ఎత్తే రాజక్క అందరికంటే తేటగా చెప్పింది.

"పోయినేడు మా పక్కపొంటి సమ్మమ్మ కోడలికి కాన్పు కష్టమైంది చెల్లె. రెండొద్దులు ఇంట్లనే పెట్టుకొని, పానం పోయేముందు దవాఖానకు ఎత్తుకపోయిన్రు. మనిషి తిరిగి రాలే. అప్పటిసంది దవాఖాన మెట్లెక్కితే సచ్చుడే అని ఊరంత వణుకుతాంది. ఇప్పుడు బక్కవ్వ కోడలు చిలుకమ్మకు నెలలు నిండినయ్. ఆ పిల్ల తిండి తింటలేదు, నిద్రపోతలేదు. ఇగ నాకు కూడా అంతే అని ఏడుస్తాంది."

"రాత్రి మలేరియా డ్రామా వేస్తే వస్తరా అక్కా?" సారంగపాణికి ఇంకా కొంచెం ఆశ.

"రాత్రా? దినమంత నాట్లేసి నడుములు ఇరిగినంక బువ్వ తినుడే కష్టం సారూ. మొగోళ్ళు వస్తరేమో. మాకు చెప్పేదుంటే పొలంలకు రాన్రి. ఆడ పాడుకుంట నాటేస్తం. చేతులకే పని, చెవులకు తీరికనే."

దోమాసురుడు ఆ క్షణంలోనే చచ్చిపోయాడు. తోకలాగా వెంట తెచ్చుకున్న వేషం సంచి సారంగపాణి చేతిలో బరువెక్కింది. అయినా అతను అబద్ధం ఆడలేదు. "మీరే కరెక్టు," అన్నాడు భారతితో. "నాకు డ్రామా కావాలె. ఊరికి ఇంకోటి కావాలె."

ఆమె అతని వంక మొదటిసారి కొంచెం ఎక్కువసేపు చూసింది.

* * *

చిలుకమ్మను చూడ్డానికి వెళితే బక్కమ్మ గడప మీద అడ్డంగా నిలబడింది. "ఎవరు చెప్పిన్రు? మా ఇంట్ల ఏం లేదు." లోపల నులకమంచం మీద పెద్ద పొట్టతో ఒక చిన్న పిల్ల, మోకాళ్ళ మీద చేతులు బిగించి కూర్చుని ఉంది. భారతి "మేం బడిలనే ఉంటం అవ్వా. ఎప్పుడైనా పిలువు" అని మాత్రం చెప్పి వచ్చేసింది.

మర్నాడు ఉదయం టీ తాగుతూ సారంగపాణి చాలాసేపు తనలో తాను రిహార్సల్ వేసుకుని అడిగాడు.

"మీకు సంబంధాలు గిట్ట చూస్తాన్నరా?"

"చూస్తాన్నరు."

"మీకు ఇష్టం లేదా?"

ఆమె కప్పు కింద పెట్టింది. "మా ఇంట్ల ఏం లేదు సార్. మంచిగున్నం."

అచ్చం బక్కమ్మ మాట. అచ్చం బక్కమ్మ ముఖం. ఈమెకు కోపం కాదు, భయం. ఎందుకో తెలియదు. అడిగే ధైర్యం లేదు. అడగకపోతే ఈ వాన వెలిశాక ఆమె తన సంచి సర్దుకుని ఇంకో ఊరికి వెళ్ళిపోతుంది, ఆ భయం అంతకంటే పెద్దది.

మధ్యాహ్నానికి ఆకాశం నల్లగా దిగింది. వాగు హోరు బడి దాకా వినిపిస్తోంది. ఆ వానలో, నెత్తిన గోనెసంచి కప్పుకుని, వణుకుతూ వచ్చింది బక్కమ్మ. మెట్టు మీదే ఆగింది.

"బిడ్డా..." అంది. "మా పక్కింట్ల ఒక పిల్ల ఉన్నది. పొద్దటిసంది నొప్పులు వడుతాంది. ఎదురుకాళ్ళ బిడ్డంటాంది మంత్రసాని. పక్కింటోళ్ళకు ఏం తోస్తలేదు."

సారంగపాణి "ఏ పక్కిల్లు?" అనబోయాడు. భారతి అతని చేయి గట్టిగా నొక్కింది. "పక్కింటోళ్ళను బండి కట్టమను అవ్వా. నేను వస్తాన్న," అంది. వానలో దిగి, కుడికీ ఎడమకూ చూడకుండా, నేరుగా బక్కమ్మ ఇంట్లోకే వెళ్ళింది.

* * *

చిలుకమ్మ భర్త యాకయ్య బండి తోలుతున్నాడు. గడ్డి మీద చిలుకమ్మ, తల దగ్గర అత్త, పక్కన భారతి, వెనక గొడుగు పట్టుకుని సారంగపాణి. అతని భుజాన వేషం సంచి అలాగే ఉంది. తొందరలో మందుల సంచి అనుకుని దాన్ని ఎత్తుకొచ్చాడు.

వాగు నిన్నటి వాగు కాదు. ఎర్రటి నీళ్ళు సుడులు తిరుగుతున్నాయి. ఎడ్లు ఆగిపోయాయి.

"నేను రాను! నన్ను దించున్రి!" చిలుకమ్మ అరిచింది. "ఆ దవాఖానకు పోతే తిరిగిరాను. సమ్మవ్వ కోడలు రాలే. నాకు భయమైతాంది!"

"భయపడకు చెల్లె," అంది భారతి. "ఏం కాదు, భయపడకు." అంటూనే ఉంది, కానీ ఆమె చేతులు వణుకుతున్నాయి. సారంగపాణి చూశాడు. ఇప్పటిదాకా దేనికీ బెదరని ఆ చేతులు చలికాలపు ముసలమ్మ చేతుల్లా వణుకుతున్నాయి.

బండి నీళ్ళలో దిగింది. నీళ్ళు చక్రం ఇరుసు దాటాయి. సారంగపాణికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఏదో ఒకటి చేయకపోతే తానే దూకి పారిపోతాడని అతనికే భయం వేసింది. సంచిలో చేయి పెట్టి అట్ట ముక్కు తీసి ముఖానికి తగిలించుకున్నాడు.

"జుయ్య్..." అన్నాడు. "నేను దోమను చెల్లె. నన్ను చూసి ఊరంత భయపడుతదంటరు. అంత అబద్ధం. నేనే అందరికీ భయపడుత. నీళ్ళకు భయపడుత. ఉరుముకు భయపడుత. మీ అత్త చీపురుకు ఎంత భయపడ్డనో అడుగు."

చిలుకమ్మ ఏడుపు మధ్యలో ఆగి, నోరు తెరిచి చూసింది.

"భయపడకు అంటే పోతదా? భయపడు చెల్లె. నేను కూడా పడుతాన్న. చూడు, కాళ్ళెట్ల కొట్టుకుంటాన్నయో. కాకపోతే ఆగొద్దు. భయపడుకుంటనే పోదాం. జుయ్య్..."

తడిసిన అట్ట ముక్కు మెత్తబడి మీసం మీదికి వాలింది. నొప్పుల మధ్య చిలుకమ్మకు నవ్వు వచ్చింది. బక్కమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. యాకయ్య ఎడ్లను అదిలించాడు. బండి ఒక పక్కకు ఒరిగి, తేరుకుని, అవతలి గట్టు ఎక్కింది.

అప్పుడు సారంగపాణి గమనించాడు. తన ఎడమ చేతిని భారతి ఎప్పుడు పట్టుకుందో తెలియదు. గట్టు ఎక్కాక కూడా వదల్లేదు.

* * *

వర్ధన్నపేట దవాఖానలో డాక్టరమ్మ చిలుకమ్మను లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసింది. భారతిని కూడా రానిచ్చి, కాసేపటికి, "నీ చేతులు పని చేస్తలేవమ్మా, బయట కూసో" అని పంపేసింది. వరండాలో బెంచీ మీద ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. వాన చూరు మీద దరువేస్తోంది. లోపలి నుంచి ఒక కేక, ఆ తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దమే ఎక్కువ భయపెట్టింది.

సారంగపాణి ముక్కు తీసేశాడు. ఈసారి వేషం లేకుండానే మాట్లాడాలి.

"మీ సంగతి అడుగుతలేను," అన్నాడు మెల్లగా. "మీ పక్కింట్ల ఒక పిల్ల ఉన్నది. సంబంధాలొస్తే వద్దంటదట. ఆ పిల్లకు ఏం భయం?"

భారతి నేల చూస్తూ అంది.

"పక్కింటి పిల్లకు ఒక అక్క ఉండె. పెండ్లయిన ఏడాదికే కాన్పుల పోయింది. తలాపున కూసున్నది ఈ పిల్లనే. భయపడకు అక్కా అన్నది. ఏం కాదు అన్నది. అబద్ధం అయింది." కొంగుతో ముఖం తుడుచుకుంది. "అప్పటిసంది పెండ్లంటే ఆ మంచమే కండ్లల్ల కనవడుతది. ఊరందరికి ధైర్యం చెప్తది. దానికి మాత్రం లేదు."

సారంగపాణి కళ్ళు తుడుచుకున్నాడు. దాచుకోలేదు.

"మా పక్కింట్ల కూడా ఒకడున్నడు," అన్నాడు. "పిరికోడు. వాడు ఆ పిల్లను తలుపు కొట్టకుంట వచ్చిన నాటిసంది ఇష్టపడుతాండు. ఆమెకు ధైర్యం చెప్పడు. వాని దగ్గర లేదు. ఆమె ఎక్కడ భయపడితే అక్కడ పక్కన కూసొని తను కూడా భయపడుతడు. అంతవరకు మాత్రం వస్తది వానికి."

భారతి తలెత్తింది. ఏదో అనబోయింది.

లోపల పసిబిడ్డ ఏడ్చింది.

ఇద్దరూ లేచి నిలబడ్డారు. ఆ ఏడుపు ఆగకుండా, కోపంగా, గట్టిగా సాగింది. తలుపు తెరుచుకుంది. "తల్లీబిడ్డా ఇద్దరు మంచిగున్నరు," అంది డాక్టరమ్మ. "ఆడపిల్ల." బక్కమ్మ అక్కడే నేల మీద కూలబడి, "మా ఇంట్ల! మా ఇంట్ల ఆడపిల్ల!" అని అందరికీ వినపడేటట్టు ఏడ్చింది.

* * *

సారంగపాణి వరంగల్ వెళ్ళాడు. దుకాణంలో బిందెల మధ్య తండ్రి ముందు నిలబడ్డాడు. రామలింగం గారు దగ్గారు.

"నాయినా, మన పక్కింట్ల ఒక పిల్లగాడున్నడు. హన్మకొండ కిరాణం దుకాణపోళ్ళ పిల్లను ఇష్టపడ్డడు."

రామలింగం గారు చేతిలోని చెంబును అటూ ఇటూ తిప్పి చూశారు. "మన పక్కింట్ల అరవయ్యేండ్ల ముసలాయన ఒక్కడే ఉంటాండు కదరా!"

తల్లి లోపలి నుంచి నవ్వింది. "ఆ పిల్ల ఒప్పుకున్నదా మరి?" అని అడిగింది.

"ఇంకా చెప్పలే."

"చెప్పినంక నేనే పోయి మాట్లాడుత," అన్నారు రామలింగం గారు, ఈసారి దగ్గకుండా.

శ్రావణంలో ఎర్రకుంటపల్లిలో ప్రోగ్రాం జరిగింది. స్టేజీ లేదు, పెట్రోమాక్స్ లేదు, హార్మోనియం లేదు. పొలంలో ఆడవాళ్ళు వరుసగా వంగి నాట్లు వేస్తున్నారు. గట్టు మీద చిలుకమ్మ బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రాజక్క పాట ఎత్తింది. ఆ పాట ఆమే కట్టింది.

"వాగెంత పొంగిందె ఓ చెల్లెలా, వడి జూసి భయమాయె ఓ చెల్లెలా
బండెక్కి పోయింది మన చిలుకమ్మ, బంగారు బిడ్డతో తిరిగొచ్చెనమ్మ
భయమంటె తొవ్వాపి కూసుంటమా, భయపడుకుంటనే పోదాము చెల్లె!"

ప్రతి చరణం చివర ఆడవాళ్ళందరూ "జుయ్య్..." అని పక్కవాళ్ళ మీద బురదనీళ్ళు చిమ్ముకుని నవ్వారు. నెలలు నిండుతున్న ఇంకో పిల్ల నారుకట్టలు అందిస్తూ, మెల్లగా భారతిని అడిగింది. "అక్కా, దవాఖానకు ఎప్పుడు రావాలె? నాకే. పక్కింట్ల కాదు."

భారతి ఆ పిల్లకు అన్నీ చెప్పింది. తర్వాత గట్టు మీద చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డ సారంగపాణి దగ్గరికి వచ్చింది. సన్నగా తుంపర మొదలైంది. గొడుగు ఒకటే ఉంది.

ఆమె వద్దంటే ఈ గట్టు మీది నుంచి ఎటు నడవాలో కూడా అతనికి తెలియదు.

"మీ పక్కింటి పిల్ల ఏమన్నది?" అన్నాడు.

"పక్కింట్ల ఎవ్వరు లేరు సార్." భారతి గొడుగు విప్పి అతని మీదికి కూడా పట్టింది. చేయి వణుకుతోంది. దాచుకోలేదు. "మా ఇంట్లనే ఉన్నది. భయం ఇంకా పోలే. గని, మీ నాయినను రమ్మనున్రి."